కలకత్తా ప్రదర్శనమూ, దక్కను పనివారూ

1883వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన కలకత్తా నగరములో ఒక పెద్ద సంత ప్రారంభమైనది. సర్కారు కాగితములలో దాని పేరు అంతర్జాతీయ ప్రదర్శనము. రాజప్రతినిధి రిప్పన్ ప్రభువు దానిని ప్రారంభించెను. చౌరంగీ వీథిలోని ఇండియన్ మ్యూజియము భవనమూ, దాని యెదుట మైదానములో తాత్కాలికముగా కట్టిన శాలలూ కలిసి ప్రదర్శన స్థలమైనవి. 1884 మార్చి 10వ తేదీ వరకు, అనగా మూడు నెలలకు పైగా జరిగిన ఆ ప్రదర్శనమును సుమారు 10 లక్షల మంది చూచిరి. భారతదేశములో అంతర్జాతీయ స్థాయిలో జరిగిన తొలి ప్రదర్శనముగా చరిత్రకారులు దీనిని పేర్కొందురు.

ఆ చూచినవారిలో హైదరాబాదు నుండి వెళ్ళిన 17 ఏండ్ల యువకుడు ఒకడుండెను. అతడే మీర్ మహబూబ్ అలీఖాన్. పేరునకు అప్పటికే నిజాము. కాని రాజ్యాధికారము ఇంకను చేతికి రాలేదు. పాతబస్తీలోని హవేలీల నడుమ, గురువుల అదుపులో పెరిగిన ఆ బాలప్రభువు, లోకములోని నలుమూలల సరకులను ఒక్కచోట రాశిపోసిన ఆ శాలలను చూచుటకు కలకత్తా వెళ్ళెను.

ప్రదర్శనములో వస్తువుల వద్ద చీటీలుండెను. ఏ వస్తువు ఏ సీమదో, దానిని పంపిన ప్రభుత్వమో, సంస్థానమో, వర్తకుడో ఎవరో ఆ చీటీ చెప్పును. ఆ వస్తువును చేసిన చేయి ఎవరిదో చెప్పు చీటీ మాత్రము సామాన్యముగా ఉండెడిది కాదు. ఈ లోపము పైకి చిన్నదిగా కనబడును. కాని పందొమ్మిదవ శతాబ్దములో మన చేతిపనులకు పట్టిన గతి యంతయు ఈ లోపములోనే ఇమిడియున్నది. హైదరాబాదు పాతబస్తీలో నిలిచి చూచినవారికి ఇది మరింత స్పష్టముగా తెలియును.

ప్రదర్శనముల యుగము

ఇట్టి ప్రదర్శనములకు ఆద్యము 1851లో లండను హైడ్ పార్కులో జరిగినది. ఇనుముతోను, గాజుతోను కట్టిన స్ఫటిక భవనములో మే 1వ తేదీ నుండి అక్టోబరు 15వ తేదీ వరకు నడచిన ఆ ప్రదర్శనమునకు 60 లక్షలకు పైగా ప్రేక్షకులు వచ్చిరి. అందు వస్తువులను నాలుగు తరగతులుగా విభజించిరి: ముడి పదార్థములు, యంత్రములు, తయారైన సరకులు, లలితకళలు. ఈ విభజనను పరిశీలించినచో ఆ కాలపు వాణిజ్యనీతి యంతయు బయటపడును. ముడి పదార్థములకు వలసదేశములు, యంత్రములకు ఇంగ్లండు, ఐరోపా, అమెరికాలు పెట్టినది పేరు. భారతదేశము నుండి తూర్పు ఇండియా కంపెనీ పంపిన సరకులలో ప్రత్తి, నీలిమందు, ధాన్యములు, కలప వంటివి ఒక వైపు. శాలువలు, తివాసులు, నగలు, నగిషీ పాత్రలు మరియొక వైపు. మొదటివి కొనదగినవి, రెండవవి మెచ్చదగినవి. నేర్పుతో చేసిన భారతీయుని మెచ్చుకొనుటయు, అతని బజారును మిల్లు బట్టతో నింపుటయు ఒకే కాలమున, ఒకే దేశపు వర్తకుల చేత జరిగినవి.

లండను తరువాత పారిస్ నగరము 1855, 1867, 1878 సంవత్సరములలో తన ప్రదర్శనములను నడపినది. మన దక్షిణాదిని చెన్నపట్టణములో 1855లోనే ఒక ప్రదర్శనము జరిగినది. 1880లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమునకు ఈ వరుస ప్రాకినది. అచ్చట భారతదేశపు తేయాకునకు క్రొత్త విపణి చూపింపవలెనని ఇచ్చటి తోటల యజమానులు శ్రమపడిరి. ప్రదర్శనమనగా వినోదము మాత్రమే కాదనియు, అది వర్తకమునకు ముందు వేయు అడుగు అనియు దీనివలన తెలియుచున్నది.

కలకత్తా ప్రదర్శనమును తలపెట్టినవాడును ఆస్ట్రేలియా నుండి వచ్చినవాడే. జూల్స్ జౌబర్ట్ ఫ్రాన్సులో పుట్టి, చిన్నతనముననే సిడ్నీ చేరి, ప్రదర్శనములను నడుపుటలో పేరు గడించెను. అతని సూచనను బెంగాలు ప్రభుత్వము అంగీకరించినది. భవనము సర్కారుది, పూనిక వర్తకునిది, సరకులు నానాదేశములవి. బొంబాయి, మద్రాసు, పంజాబు మొదలగు రాష్ట్రముల నుండియు, సంస్థానముల నుండియు వస్తువులు చేరినవి. గ్రామములో కూర్చుండి పనిచేయు కమ్మరి, నేతగాడు, కంచరివాడు ఎన్నడును చూడని నగరములో అతని పనిని అద్దాల బీరువాలో నిలిపిరి.

ఆనాటి హైదరాబాదు

1883వ సంవత్సరము హైదరాబాదునకు సామాన్యమైన సంవత్సరము కాదు. ముప్పది యేండ్లు దివానుగా రాజ్యమును నడపిన మొదటి సాలార్‌జంగు ఫిబ్రవరి 8వ తేదీన కలరా సోకి హఠాత్తుగా మరణించెను. 1869లో రెండున్నర యేండ్ల పసివానిగా గద్దె నెక్కిన మహబూబ్ అలీఖాన్ ఇంకను మైనరు. రాజ్యమునకు దిక్కెవరు అనునది ప్రతి దేవిడీలోను చర్చనీయాంశమైనది.

ఆ యేడే చాందా రైలుమార్గపు వివాదము చెలరేగెను. 1874లో వాడి నుండి హైదరాబాదు వరకు రైలు వచ్చియుండెను. ఆ మార్గమును తూర్పుగాను, ఉత్తరముగా చాందా వైపునకును పొడిగించుటకు లండనులో ఒక కంపెనీని స్థాపించి, దాని పెట్టుబడిపై వడ్డీకి నిజాము ప్రభుత్వము పూచీపడవలెనను ప్రతిపాదన వచ్చినది. ఆ షరతులను ప్రజల యెదుట పెట్టుడని కొందరు విద్యావంతులు కోరిరి. వారిలో ముఖ్యుడు హైదరాబాదు కళాశాల అధిపతియైన అఘోరనాథ చట్టోపాధ్యాయుడు. ఆయన సరోజినీ నాయుడుగారి తండ్రి. అడిగినందుకు ఫలముగా 1883 మే నెలలో ఆయనను పదవి నుండి తప్పించి, రాజ్యము వెలుపలికి పంపివేసిరి. రైలుమార్గపు ఒప్పందము మాత్రము ఆగలేదు. 1889 నాటికి ఆ దారి బెజవాడ చేరినది.

ప్రదర్శనమునకును, ఈ వివాదమునకును సంబంధమేమి యని విద్యార్థులు అడుగవచ్చును. సంబంధము దగ్గరిదే. ప్రదర్శనశాలలో ముడి పదార్థముల గదిని చూచి వర్తకుడు బయలుదేరినచో, అతనికి వెంటనే కావలసినది రైలు. 1853 నాటి సంధివలన నిజాము చేతినుండి జారిపోయిన బేరారు సీమ ప్రత్తికి పెట్టినది పేరు. 1861 నుండి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరుగగా, మాంచెస్టరు మిల్లులు ప్రత్తికై భారతదేశము వైపు చూచినవి. బేరారును తిరిగి రాబట్టుటకు సాలార్‌జంగు జీవితాంతము యత్నించి విఫలుడయ్యెను. 1870ల మొదట ఇల్లందు ప్రాంతములో భూగర్భ శాస్త్రజ్ఞుడు డాక్టర్ కింగ్ బొగ్గును గుర్తించెను. 1886లో లండనులో స్థాపితమైన హైదరాబాదు దక్కను కంపెనీ ఆ గనుల హక్కును పొందెను. ముడి పదార్థము, రైలు, కంపెనీ, పూచీ — ఈ నాలుగును ఒకే గొలుసులోని కడియములు.

ఇట్టి సమయమున బాలనిజాము కలకత్తా వెళ్ళెను. చూచుటకు వెళ్ళినది ప్రదర్శనమే యైనను, అచ్చట రిప్పన్ ప్రభువును కలిసికొనుటయు, తరువాతి దివాను ఎవరను ప్రశ్నయు ఆ ప్రయాణముతో ముడిపడియే యుండెను. కొన్ని వారములకే రిప్పన్ స్వయముగా హైదరాబాదునకు వచ్చి, 1884 ఫిబ్రవరి 5వ తేదీన మహబూబ్ అలీఖానునకు సంపూర్ణాధికారములను అప్పగించెను. సాలార్‌జంగు కుమారుడు లాయిక్ అలీ దివాను అయ్యెను. ఆ విధముగా కలకత్తా మైదానమునకు పోయినవాడు మైనరు. తిరిగి వచ్చి కొలది దినములలోనే రాజ్యభారము వహించినవాడు ఆరవ నిజాము.

నల్లని లోహము, తెల్లని తీగ

నిజాము రాజ్యమునకు లోకములో పేరు తెచ్చిన చేతిపనులలో బిద్రీ పని ముఖ్యమైనది. బీదరు పట్టణము దీనికి పుట్టినిల్లు. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగు వరకు బీదరు హైదరాబాదు రాజ్యములోని జిల్లాయే. హైదరాబాదు నవాబుల ఇండ్లలో బిద్రీ హుక్కా, పాన్‌దాను, తమ్మపడిగ, సురాహి లేని దివాన్‌ఖానా అరుదు. పాతబస్తీలోను బిద్రీ పనివారు స్థిరపడిరి.

నల్లని రాత్రివంటి లోహముమీద వెన్నెల తీగవలె మెరయు ఈ నగిషీ ఎట్లు చేయుదురో తెలిసికొన్నచో, అద్దాల బీరువా దాచిన దేమో బోధపడును. తుత్తునాగమును, అనగా జింకును, స్వల్పముగా రాగితో కలిపి కరగింతురు. ఆ ద్రవమును మట్టితో చేసిన అచ్చులో పోయుదురు. చల్లారిన పాత్రను ఆకురాయితో నునుపు చేయుదురు. అప్పుడా లోహము వెలవెలబోయిన తెలుపురంగులో నుండును. దానిమీద గీత కనబడుటకై మైలుతుత్తము నీటితో రుద్ది తాత్కాలికముగా నలుపు చేయుదురు. ఆ నలుపుమీద సన్నని మొనతో లతలు, పూలు, జాలీలు గీయుదురు. గీసిన దారిని ఉలితో తొలుతురు. తొలిచిన సన్నని కాలువలో వెండి తీగను, విశాలమైన పల్లములో వెండి రేకును సుత్తితో మెల్లగా తట్టి దింపుదురు. మరల నునుపు చేయుదురు. ఇంతవరకు వెండియు, లోహమును దాదాపు ఒకే రంగులో కనబడుచు, పనివాని శ్రమ కంటికి ఆనదు.

తుది ఘట్టములోనే అసలు రహస్యమున్నది. బీదరు కోటలో ఎండయు వానయు తగులని చోటుల నుండి తెచ్చిన పాతమట్టిని, నవాసాగరముతో కలిపి నీటిలో నానబెట్టి, కొద్దిగా వేడిచేసిన పాత్రకు పట్టింతురు. క్షణములలో జింకు మిశ్రమము కాటుకవలె నల్లబడును. వెండి మాత్రము నల్లబడదు. పిమ్మట నూనె పూసి తుడిచినచో నలుపు నిగనిగలాడును. మట్టి చాలునా చాలదా యని పనివాడు నాలుకమీద రుచి చూచి నిర్ణయించుట పరిపాటి. ఈ పరీక్ష ఏ పుస్తకములోను నేర్చునది కాదు. తండ్రి ప్రక్కన కూర్చుండి నేర్చునది.

ఒక్క పాత్రమీద పోతపోయువాడు, నునుపు చేయువాడు, చెక్కువాడు, వెండి దింపువాడు — ఇందరి చేతులు పడును. 1851 లండను ప్రదర్శనమునకే బిద్రీ పాత్రలు వెళ్ళినవి. అందు కొన్నింటిని మ్యూజియము కొరకు కొనిరి. నేటికిని అవి లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియములో ఉన్నవి. పాత్రలు సముద్రములు దాటినవి. వానిని చెక్కినవారి పేర్లు బీదరు దాటలేదు.

మెప్పు తెచ్చిన ముప్పు

ప్రదర్శనములవలన చేతిపనులకు మేలు జరుగలేదనుట సత్యము కాదు. ప్రభువుల ఆదరము తగ్గుచున్న కాలములో క్రొత్త కొనుగోలుదారులను అవి చూపినవి. హుక్కా వాడుక తగ్గినప్పుడు బిద్రీ పనివారు పూలకుండీలు, సిగరెట్టు పెట్టెలు, బొత్తాములు చేసి నిలువగలిగిరి. ఏ పని ఎచ్చట జరుగుచున్నదో, ఏ పద్ధతిని జరుగుచున్నదో వ్రాతలోనికి వచ్చినది. కలకత్తా ప్రదర్శనములో పనిచేసిన త్రైలోక్యనాథ ముఖర్జీ 1888లో భారతీయ కళాశిల్పములను గూర్చి వ్రాసిన గ్రంథము నేటికిని పరిశోధకులకు ఆధారము. ఆయన బెంగాలీ సాహిత్యములో హాస్యకథా రచయితగా కూడ ప్రసిద్ధుడు.

అయినను మెప్పు వెంట ముప్పును వచ్చినది. తెలుగుదేశమునుండియే దీనికి నిదర్శన మున్నది. గోలకొండ రాజ్యమునకు రేవుగా వర్ధిల్లిన మచిలీపట్నము పేరుతో ప్రసిద్ధికెక్కిన తివాసులు ఒకప్పుడు దేశములోని మేలైన తివాసులలో లెక్కింపబడెను. ఓరుగల్లు తివాసులు 1851లో లండనుకు వెళ్ళి పేరు తెచ్చుకొన్నవి. పేరు వచ్చినంతనే గిరాకి పెరిగెను. చవుకగాను, త్వరగాను కావలెనని వర్తకులు పట్టుపట్టిరి. జార్జి బర్డ్‌వుడ్ 1880లో ప్రకటించిన తన గ్రంథములో మచిలీపట్నపు తివాసులకు పట్టిన దుస్థితిని విచారముతో వర్ణించెను: ఇంగ్లీషు వర్తకులే చవుకరకపు సామగ్రిని నేతగాండ్రకు అందించుచున్నారనియు, తివాసి అడుగున ఇంగ్లీషు పురికొస కనబడుచున్నదనియు ఆయన ఫిర్యాదు. నేతగాడు తన నేర్పును మరువలేదు. నేర్పు చూపుటకు తగిన నూలును, కాలమును అతనికి ఇయ్యలేదు.

మరియొక పోటీ జైళ్ళ నుండి వచ్చినది. ఖైదీల చేత తివాసులు నేయించి విక్రయించుట ప్రభుత్వమునకు లాభసాటియైనది. కూలి లేని చేతితో కూలికై బ్రతుకు చేయి ఎట్లు పోటీపడగలదు? 1886లో లండనులో జరిగిన వలసరాజ్యముల ప్రదర్శనములో ఈ కథ పరాకాష్ఠకు చేరినది. అచ్చట వస్తువులనే కాక, వస్తువులు చేయు భారతీయులను కూడ కూర్చుండబెట్టి చూపిరి. ప్రేక్షకులు వారిని తరతరముల వృత్తికి చెందిన గ్రామ శిల్పులని తలంచి ఆనందించిరి. వాస్తవములో వారిలో పలువురు ఆగ్రా జైలులో పని నేర్చినవారు. ఆ బృందములోని బక్షీరాం అను వృద్ధ కుమ్మరి చిత్రమును విక్టోరియా రాణి కొరకు రుడాల్ఫ్ స్వొబోడా అను చిత్రకారుడు వ్రాసెను. ఆ విధముగా ఒక్క పనివాని ముఖమును, పేరును చరిత్రలో నిలిచినవి. అదియును అతడు చేసిన కుండవలన కాదు, రాణి వేయించిన బొమ్మవలన.

ఆ ప్రదర్శనమునకు అధికారిగా వెళ్ళిన త్రైలోక్యనాథ ముఖర్జీకి కూడ ఈ అనుభవము తప్పలేదు. చూడవచ్చినవారు వస్తువులతోపాటు తనను కూడ వింతవస్తువుగా చూచిరని ఆయన తన యాత్రాగ్రంథములో హాస్యముగా వ్రాసికొనెను. చూపువాడు కూడ చూడబడు వస్తువైనాడు. హాస్యము వెనుక నున్న బాధను గ్రహించుట కష్టము కాదు.

కలకత్తాలో మరియొక సభ

సర్కారు తలపెట్టని ఒక ఫలము కలకత్తా ప్రదర్శనమువలన కలిగినది. ప్రదర్శనము చూచుటకు దేశము నలుమూలల నుండి విద్యావంతులు ఆ నగరమునకు వచ్చియుండిరి. ఆ అవకాశమును పురస్కరించుకొని సురేంద్రనాథ బెనర్జీ ప్రభృతులు 1883 డిసెంబరు 28 నుండి 30వ తేదీ వరకు కలకత్తాలో జాతీయ సమ్మేళనమును జరిపిరి. భారతీయ న్యాయాధికారులు ఐరోపావారిని విచారింపవచ్చునా యను ఇల్బర్టు బిల్లు వివాదముతో ఆ యేడు దేశము అట్టుడికియుండెను. రెండేండ్లకు, 1885లో, బొంబాయిలో జాతీయ మహాసభ పుట్టినది. కలకత్తా సమ్మేళనము దానికి ముందు నడచిన అడుగు.

చిత్రమేమనగా, ఆ మహాసభయే తరువాత ప్రదర్శనమను సాధనమును చేతబట్టినది. 1901లో కలకత్తాలో జరిగిన కాంగ్రెసు సమావేశముతోపాటు స్వదేశీ పారిశ్రామిక ప్రదర్శనమును నడపిరి. అది మొదలు ఇది ఆనవాయితీ అయినది. సామ్రాజ్యమునకు సరకుల పట్టికగా పుట్టిన ప్రదర్శనము దేశీయుల చేతిలో స్వావలంబన పాఠమైనది. బీరువా అదియే, ఎవరు, ఎవరికొరకు తెరచుచున్నారనునది మాత్రము మారినది.

మూసీ ఆవలి ఒడ్డున

హైదరాబాదులో ఈ మార్పునకు రూపము 1938లో వచ్చినది. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల సంఘమునకు చెందిన యువకులు, రాజ్యములోని పరిశ్రమల స్థితిని పరిశీలించుటకు ధనము కూర్చవలెనని, స్వదేశీ సరకుల ప్రదర్శనమును తలపెట్టిరి. దానికి ‘నుమాయిష్ మస్నూఆతె ముల్కీ’ అని పేరు. ముల్కీ యనగా ఈ సీమదైనది. చేతిలో రెండున్నర రూపాయల పెట్టుబడితో మొదలిడిరని ప్రసిద్ధి. బాగెఆమ్ తోటలో ఏడవ నిజాము దానిని ప్రారంభించెను. 1946లో అది నాంపల్లిలోని నేటి మైదానమునకు మారినది. 1948 నాటి పరిణామములవలన కొంతకాలము నిలిచి, 1949లో గవర్నరు జనరలు చక్రవర్తి రాజగోపాలాచారిగారి చేతులమీదుగా మరల ప్రారంభమై, అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శనమను పేరు దాల్చినది. నగరవాసులకు మాత్రము అది నేటికిని నుమాయిషే. జనవరి 1వ తేదీ వచ్చినదనగా పాతబస్తీ కుటుంబములు మూసీ దాటి నాంపల్లికి వెళ్ళుట ఆచారము.

1851 లండను ప్రదర్శనము ముగియునప్పటికి ఖర్చులు పోగా సుమారు 1,86,000 పౌనులు మిగిలెను. ఆ ధనముతో సౌత్ కెన్సింగ్టనులో మ్యూజియములు, విద్యాసంస్థలు వెలయుటకు పునాది పడినది. హైదరాబాదు ప్రదర్శన సంఘము కూడ తన ఆదాయమును విద్యకే వెచ్చించినది. నాంపల్లి మైదానము ప్రక్కనే యున్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయము, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నికు ఆ ఆదాయముతో పెరిగినవే. లండనులో మిగిలిన ధనములో సముద్రముల ఆవలి పనివానికి వాటా లేదు. ఇచ్చట దీపాల వెలుగులో గాజులు కొన్న తల్లి ఇచ్చిన టిక్కెట్టు డబ్బు ఆమె కుమార్తె చదువునకే తిరిగి వచ్చుచున్నది. రాశిలో ఇది చిన్నది, న్యాయములో పెద్దది.

చీటీమీద పేరు

అయినను మొదటి ప్రశ్న మిగిలియే యున్నది. చేసినవాని పేరెక్కడ? ఇటీవలి కాలములో చట్టము కొంతవరకు సహాయపడినది. భౌగోళిక గుర్తింపు బిద్రీ పనికి 2006లోను, ఓరుగల్లు జంపఖానాలకు 2018లోను, లాడ్ బజారులో మెరయు హైదరాబాదు లక్కగాజులకు 2024లోను లభించినది. ఆ పేరు పెట్టి ఇతర ప్రాంతములవారు నకిలీ సరకు అమ్మరాదని దీని యర్థము. ఇది ఊరి పేరును రక్షించును. మనిషి పేరును మాత్రము ప్రకటింపదు. 2023లో బీదరు శిల్పి షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ బిరుదము వచ్చినప్పుడు, ఒక బిద్రీ పనివాని పేరు దేశమంతట వినబడెను. లండను బీరువాలో బిద్రీ పాత్ర చేరిన తరువాత 170 ఏండ్లకు పైగా గడచినవి.

పాతబస్తీకి చేరువలో, మూసీ యొడ్డున, సాలార్‌జంగు మ్యూజియములో బిద్రీ పాత్రలున్నవి. ఉపాధ్యాయులు విద్యార్థులను అచ్చటికి తీసికొనిపోయినప్పుడు పాత్రను మాత్రమే చూపి ముందునకు నడువకుండుట మేలు. ఆ నలుపు ఏ మట్టివలన వచ్చినది, ఆ వెండి తీగ ఎట్లు నిలిచినది, దానిమీద ఎందరి చేతులు పడినవి, ఆ చేతులకు దక్కిన కూలి యెంత — ఈ ప్రశ్నలు అడిగించినచో చరిత్రయు, రసాయన శాస్త్రమును, అర్థశాస్త్రమును ఆ ఒక్క పాత్రలోనే దొరకును.

పాఠశాలలో సైన్సు ప్రదర్శనము జరిగినప్పుడు ఒక నియమమున్నది. అట్టపెట్టెతో చేసిన గాలిమర యైనను, మట్టితో చేసిన అగ్నిపర్వత మైనను, దాని ప్రక్క ఒక చీటీ అంటింతురు. ఆ చీటీమీద విద్యార్థి పేరు, తరగతి వ్రాయుదురు. పేరు వ్రాయుట మరచినచో ఆ పిల్లవాడు చిన్నబుచ్చుకొనును. ఉపాధ్యాయుడు వెంటనే సరిదిద్దును. ప్రపంచమంతటిని ఒక్క కప్పు క్రిందికి తెచ్చితిమని చెప్పుకొన్న మహాప్రదర్శనములకు ఈ చిన్న మర్యాద తోచలేదు. పల్లెలలోని బడులలో అది నిత్యము జరుగుచున్నది. రేపు ఏ నుమాయిషులోనైనను, ఏ దుకాణములోనైనను ఒక బిద్రీ పాత్రను చేతికి తీసికొన్న విద్యార్థి, వెల అడుగుటకు ముందు దీనిని చేసినవారెవరని అడుగుట నేర్చినచో, బడిలో నేర్చిన మర్యాద బజారునకు చేరినట్లే.